వ్రాతల వలస: రాతి నుండి జంట డిస్కుల వరకు

ఇల్లు మారువారు ధాన్యపు బస్తాలను, గిన్నెలను, మంచములను బండికెత్తి కొత్త యింట దింపుకొందురు. పాత యింట గిన్నెయైనది కొత్త యింటను గిన్నెయే. గ్రంథాలయము మారినను అంతే. బీరువాలోని పుస్తకమును ఏ గదిలో నుంచినను తెరచి చదువవచ్చును. కాని నేడు పుస్తకముల పట్టికలు, సభ్యుల పేర్లు, భూముల లెక్కలు కంప్యూటరులోని హార్డు డిస్కులలో నుండుట సాధారణమైనది. ఆ డిస్కులను పాత యంత్రము నుండి విప్పి కొత్త యంత్రమున బిగించుట గిన్నెను మార్చినంత తేలిక కాదు. ఒక యంత్రమునకు తెలిసిన వ్రాత మరియొక యంత్రమునకు తెలియకపోవచ్చును. తొందరపడి ఒక మీట నొక్కినచో ఇరువదియైదేండ్ల లెక్క యొక గడియలో చెరిగిపోవచ్చును.

ఈ చిక్కు కొత్తదిగా తోచును గాని దీని మూలము మిక్కిలి పాతది. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల సీమలో వ్రాతను ఒక ఆధారము నుండి మరియొక ఆధారమునకు మార్చుకొనుట వేయేండ్లుగా జరుగుచునే యున్నది. ఆ వలసలలో నిలిచినదేది, నిలువనిదేది అని పరిశీలించినచో, నేటి జంట డిస్కులను మార్చువారికి కావలసిన పాఠములన్నియు అందులోనే కనబడును.

రాయి, తాటాకు, కంఠము

కరీంనగరు జిల్లా గంగాధర మండలములో కురిక్యాల సమీపమున బొమ్మలగుట్ట గలదు. ఆ గుట్టమీద క్రీ.శ. 945 ప్రాంతమున జినవల్లభుడు జైన ప్రతిమలను చెక్కించి, వాని క్రింద సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము వేయించెను. అందులోని మూడు కంద పద్యములు తెలుగు పద్యచరిత్రకు మిక్కిలి విలువైన ఆధారములు. ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. వేములవాడ చాళుక్య ప్రభువైన రెండవ అరికేసరి ఆస్థానమున నుండి పంపకవి విక్రమార్జున విజయమును రచించెను.

అన్నదమ్ముల వ్రాతలు రెండును నేటికి నిలిచినవి. కాని నిలిచిన తీరులు వేరు. తమ్ముని వ్రాత రాతిమీద నున్నది. దానిని ఎవ్వరును కదపలేదు, మరల వ్రాయలేదు. అన్న కావ్యము తాటాకు మీదిది. తాటాకును పురుగు తినును, తేమ చెరుచును. అందువలన ప్రతి కొన్ని తరములకు ఒకరు కూర్చుండి పాత ఆకును చూచి కొత్త ఆకుపై వ్రాయవలసి వచ్చెను. రాయి ఒకే ప్రతి. దానికి హాని కలిగినచో మరియొకటి లేదు. కరీంనగరు ప్రాంతము గ్రానైటు తవ్వకములకు పేరొందినది గనుక అచట కొండ కూడ శాశ్వతమని చెప్ప వీలులేదు. తాటాకు బలహీనమైనదైనను, పలు ప్రతులుగా పలు ఊళ్లకు చేరుటచే బ్రదికినది. అయితే ప్రతి వ్రాయునపుడెల్ల లేఖకుని పొరపాటు కూడ కొత్త ప్రతిలో చేరుచుండెను.

ఈ పొరపాటునకు మందు కనిపెట్టినవారు వేదపాఠకులు. గోదావరి యొడ్డున నున్న మంథని వేదపండితులకు ప్రసిద్ధి. వారి ఘనపాఠములో రెండు పదములను ముందుకు, వెనుకకు చెప్పుదురు. పిదప మూడవ పదమును చేర్చి మూటిని ముందుకు, వెనుకకు, ముందుకు చెప్పుదురు. ఒక అక్షరము తప్పినచో ఈ త్రిప్పుటలో ఎక్కడనో తప్పక బయటపడును. నేటి కంప్యూటరులలో ఒక ప్రతిని మరియొక ప్రతితో పోల్చుటకు లెక్కకట్టు సరిచూపు సంఖ్యల ప్రయోజనమును ఇదియే. ప్రతి చేయుట సగము పని, సరిచూచుట మిగిలిన సగము అని ఆ పాఠకులు ఎరిగియుండిరి.

పట్వారీ లెక్కలు

హైదరాబాదు రాజ్యములో సాలార్‌జంగు కాలపు సంస్కరణల తరువాత భూమికి కొలత, శిస్తు నిర్ణయము, గ్రామలెక్కలు క్రమపడినవి. సేత్వారు, పహాణీ, ఫైసల్‌పట్టీ అను పేర్లు ఉత్తర తెలంగాణ రైతుల నోట నేటికిని వినబడును. గ్రామమున పట్వారీ వద్ద నుండు లెక్కలు, తహశీలు కచేరీలో నుండు లెక్కలు ఒకదానినొకటి సరిచూచుటకు ఉపకరించెడివి. ఏటేట జమాబందీ జరిగి, పై యధికారి గ్రామలెక్కలను తనిఖీ చేసి సంతకము పెట్టెడివాడు. జమాబందీయందు తేడా బయటపడినచో ఆ యేడే దిద్దుటకు వీలుండెను. తనిఖీ లేని లెక్కలు ఎన్ని చోట్ల నున్నను, ఏది నిజమో చెప్పువారుండరు.

1954-55లో తయారైన ఖస్రా పహాణీ తెలంగాణమున భూవివాదములకు నేటికిని మూలాధారముగా చూడబడుచున్నది. అయితే పాత సేత్వార్లు ఉర్దూలో నున్నవి. పహాణీలును పలుచోట్ల ఉర్దూలోనే వ్రాయబడినవి. కాగితము చెక్కుచెదరక యున్నను, దస్తూరిని చదువగల వాడు లేనిచో రైతునకు అది మూసిన తలుపే. ఆధారము నిలుచుట వేరు, చదువు నిలుచుట వేరు.

1984లో పటేలు, పట్వారీ పదవులు రద్దయినవి. తరతరములుగా ఇండ్లలోని పెట్టెలలో నున్న గ్రామలెక్కలు ప్రభుత్వ కచేరీలకు చేరవలసి వచ్చెను. ఇట్టి అప్పగింతలో ముఖ్యమైనది జాబితా. ఏ పుస్తకములు, ఏ సంవత్సరములవి, ఎన్ని పుటలవి అని ముందుగా వ్రాసికొననిచో, రానిదేదో తెలియదు. జాబితా లేని కాగితము పోయినను, అది ఒకప్పుడు ఉండినదని నిరూపించుటయు కష్టమే.

డిస్కు పుట్టుక, జంట ఏర్పాటు

ఇక యంత్రముల సంగతి. 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ రామాక్ అను కంప్యూటరుతో తొలి హార్డు డిస్కును ప్రపంచమునకు చూపెను. అందు ఇరువదినాలుగు అంగుళముల వెడల్పు గల బిళ్లలు యాబది యుండెను. అన్నియు కలిసి సుమారు యాబది లక్షల అక్షరములను దాచెడివి. ఒక పెద్ద బీరువాయంత యంత్రమది. నేడు అరచేతిలో పట్టు డిస్కులో అంతకు లక్షల రెట్లు ఇముడుచున్నది.

డిస్కులోని బిళ్ల మిక్కిలి వేగముగా తిరుగును. దాని పైన వెంట్రుకకన్న సన్నని సందులో వ్రాయు ముల్లు కదలును. తిరుగు వస్తువు ఎప్పుడో ఒకప్పుడు ఆగును, అరుగును. బ్యాంకులు, టెలిఫోను సంస్థలు క్షణమైనను ఆగరాదు గనుక, ఒకే వ్రాతను రెండు డిస్కులపై ఒకేసారి వ్రాయు ఉపాయము పుట్టెను. 1976లో బయటికి వచ్చిన టాండెమ్ సంస్థ కంప్యూటరులు ఈ పద్ధతిని వాడినవి. 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనువారు పలు డిస్కులను కలిపి వాడు విధములను క్రమపరచి ఒక వ్యాసము ప్రకటించిరి. వారు పెట్టిన రెయిడ్ అను పేరు నిలిచిపోయినది. అందు మొదటి విధమే జంట డిస్కుల పద్ధతి. ఒక డిస్కు మరియొకదానికి అద్దములోని బింబమువంటిది. ఒకటి చెడినచో రెండవది పని నడుపును. చెడినదాని స్థానమున కొత్త డిస్కు పెట్టినచో, మంచిదానిలోని వ్రాత యంతయు దానిమీదికి మరల ఎక్కును.

ఇది గొప్ప రక్షణమే. కాని అద్దమునకు ఒక గుణము కలదు. ముఖమునకు మసి అంటినచో అద్దములోని ముఖమునకును మసియే కనబడును. ఒక ఉద్యోగి పొరపాటున సభ్యుల పట్టికను చెరిపినచో, ఆ క్షణముననే రెండు డిస్కులలోను అది చెరుగును. చెడు ప్రోగ్రాము చొరబడి అక్షరములను తారుమారు చేసినచో రెండును తారుమారగును. రెండు డిస్కులును ఒకే పెట్టెలో నుండుటచే పిడుగు, నిప్పు, నీరు, దొంగ — వీనికి రెండును ఒక్కటే. గోదావరి యొడ్డు ఊళ్లకు వరద తెలియనిది కాదు. 2022 జూలై వరదలో మంథని వీథులలోనికి నీరు వచ్చెను. అట్టి దినమున మేజా క్రింది పెట్టెలోని జంట ఒక్కుమ్మడిగా మునుగును. అందుచేత జంట ఉన్నదను ధైర్యముతో మూడవ ప్రతిని మానరాదు. ఆ మూడవది వేరొక యింట, వేరొక వీథిలో, వీలైనచో వేరొక ఊరిలో నుండవలెను.

తరలించు క్రమము

పాత కంప్యూటరు ముసలిదై కొత్తది వచ్చినపుడు జంట డిస్కులను మార్చుట ఎట్లు? అనుభవజ్ఞులు పాటించు క్రమము పట్వారీ పెట్టె అప్పగింతను తలపించును.

మొదట మూడవ ప్రతిని తీయవలెను. తీసిన పిదప దానిని మరియొక యంత్రముపై తెరచి, కొన్ని పుటలైనను చదివి చూడవలెను. చదివి చూడని ప్రతి ప్రతి కాదు. పిమ్మట రెండు డిస్కులును ఆరోగ్యముగా నున్నవా, రెండింటిలోను ఒకే వ్రాత యున్నదా అని పాత యంత్రముననే తెలిసికొనవలెను. ఒకటి నెలల క్రిందటనే చెడియుండి, రెండవది ఒంటరిగా పనిచేయుచుండుట అరుదైన విషయము కాదు. జంటలో ఒకటి మూలబడిన సంగతిని, పని నడచుచుండుటచే, ఎవ్వరును గమనింపరు.

ఆ తరువాత యంత్రమును తొందరపడక, నియమము ప్రకారము ఆర్పవలెను. డిస్కులను విప్పుటకు ముందు ఒకదానిపై ఒకటి అనియు, రెండవదానిపై రెండు అనియు చీటీలంటించి, వానిపై ముద్రించిన సంఖ్యలను, అవి తగిలియున్న తావులను కాగితముపై వ్రాసికొనవలెను. కాగితముపై అనుటలో అర్థమున్నది. ఆ వివరమును అదే కంప్యూటరులో దాచినచో తాళపుచెవిని పెట్టెలో పెట్టి తాళము వేసినట్లగును.

ఇక అన్నిటికన్న ముఖ్యమైన ప్రశ్న: ఈ జంటను కట్టినదెవరు? కొన్ని యంత్రములలో జంటను కట్టునది ప్రత్యేకమైన ఒక కార్డు. కొన్నిటిలో కంప్యూటరు మూలఫలకము. మరి కొన్నిటిలో లినక్సు వంటి నిర్వాహక వ్యవస్థయే ఆ పని చేయును. కట్టినవాడు డిస్కుల మీద తన గురుతులు వ్రాయును. లినక్సు కట్టిన జంటను మరియొక లినక్సు యంత్రమునకు మార్చినచో, డిస్కులను ఏ తావున తగిలించినను, ఆ గురుతులను చదివి జంటను పోల్చుకొనుట సాధారణము. కార్డు కట్టిన జంట అట్లు కాదు. ఆ సంస్థ చేసిన, ఆ తరమునకు చెందిన, లేక దానిని ఎరిగిన తరువాతి తరపు కార్డు కావలెను. వేరొక సంస్థ కార్డునకు ఆ గురుతులు అక్షరములుగా గాక గీతలుగా తోచును.

ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాల గ్రామము ఈ సత్యమునకు సాక్షి. అచట గోండీ భాషకు ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన ప్రతులు 2006 ప్రాంతమున వెలుగులోనికి వచ్చినవి. ప్రతులు ఉన్నవి, చదువగల వృద్ధులు మాత్రము కొద్దిమందియే యుండిరి. ఆ పెద్దలే ఉండకపోయినచో ఆ కాగితములు చిత్రములవలె మిగిలియుండెడివి. వారి చదువును పండితులు అందుకొని, పిల్లలకు నేర్పు ఏర్పాట్లు చేసి, కంప్యూటరు అక్షరములు రూపొందించిరి. 2018లో గుంజాల గోండీ లిపికి యూనికోడులో స్థానము లభించెను. డిస్కు తరలింపులో కార్డు స్థానము ఆ వృద్ధులదే. వ్రాతతోపాటు దానిని చదువు నేర్పు కూడ తరలవలెను.

కొత్త యంత్రమున డిస్కులు తగిలించిన పిదప కార్డు ఒక ప్రశ్న వేయుట కలదు: పరాయి అమరిక కనబడినది, స్వీకరింపనా, చెరపనా? వ్రాత నిలుచుటయు, పోవుటయు ఆ యొక్క జవాబుపై నున్నది. తెలియని మాట కనబడినచో అచటనే ఆగి, తెలిసినవారి నడుగుట ఉత్తమము. కొత్త జంటను కట్టుము అని చెప్పినచో యంత్రము విధేయముగా పాత వ్రాతను తుడిచి కొత్త జంటను కట్టును. అట్లే జంటలో ఒకటి తాజాది, ఒకటి వెనుకబడినది అయినపుడు, ఏ డిస్కు నుండి ఏ డిస్కునకు వ్రాత పోవుచున్నదో రెండుసార్లు చూడవలెను. దిక్కు తప్పినచో పాత లెక్క కొత్త లెక్కను మింగును.

ఒక్కొక్కప్పుడు కొత్త యంత్రము పాత డిస్కులతో మేల్కొనదు. పాత నిర్వాహక వ్యవస్థకు కొత్త యంత్రపు భాగములు తెలియకపోవుటయే దానికి కారణము. అంతమాత్రమున వ్రాత పోయినదని భయపడరాదు. వేరొక వ్యవస్థతో యంత్రమును లేపి డిస్కులను చదువుటకు మాత్రమే తెరచి చూడవచ్చును. తగులు కొక్కెములును మారుచుండును. ఒకప్పటి వెడల్పాటి పట్టీ తీగల స్థానమున 2003 ప్రాంతము నుండి సన్నని సాటా తీగలు వచ్చినవి. మరీ పాత డిస్కునకు నేటి యంత్రములో తావే యుండదు. ఇరువదియైదేండ్లు గడచిన సంస్థ తన తొలినాటి డిస్కును బీరువాలో పెట్టి నిశ్చింతగా నుండుట తగదు.

జిల్లాల విభజన, భూముల లెక్కలు

2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పదియొకటి అయినవి. పూర్వపు కరీంనగరు నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. కొన్ని మండలములు ఇరుగుపొరుగు కొత్త జిల్లాలలో చేరినవి. ఆదిలాబాదు నుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలు వచ్చినవి. అంతవరకు ఒకే కచేరీలో నున్న దస్త్రములను మండలముల వారీగా వేరుచేసి కొత్త కచేరీలకు పంపవలసి వచ్చెను. ఒక దస్త్రములో రెండు జిల్లాల గ్రామములున్నచో అది ఎవరిది? అట్టిచోట ప్రతి తీయుట తప్ప మార్గము లేదు. పుట్టిన ఊరి లెక్క కొరకు ఏ కచేరీకి పోవలెనో తెలిసికొనుట పౌరునకు కొత్త పాఠమైనది.

2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగెను. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమై, వ్యవసాయ భూముల లెక్క, రిజిస్ట్రేషను ఒకే చోటికి వచ్చినవి. 2024 చివర ధరణి నిర్వహణ ఒక ప్రైవేటు సంస్థ నుండి జాతీయ సమాచార కేంద్రము చేతికి మారెను. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చెను. ఎనిమిదేండ్లలో రైతు పేరు ఇన్ని మారులు ఇల్లు మారినది. ఈ మార్పులలో విస్తీర్ణము తగ్గినదనియు, పేరు తప్పినదనియు, తన భూమి నిషేధపు జాబితాలో చేరినదనియు దరఖాస్తులు పెట్టిన రైతులు అనేకులు. యంత్రములు చెడుటకన్న వ్రాత మారినప్పటి పొరపాట్లే రైతును ఎక్కువగా బాధించినవి. ఒక తప్పు కంప్యూటరులో చేరిన పిదప దాని బింబములన్నియు అదే తప్పును చూపును. నూరు ప్రతులు కలిసి ఒకే అబద్ధమును చెప్పుచున్నపుడు, పెట్టెలో దాచుకొన్న పాత పహాణీ నకలే రైతునకు సాక్షి. పాతదానిని తొందరపడి పారవేయరాదను మాటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

గ్రంథముల సంగతి

గ్రంథాలయ ప్రియులకు తెలియదగిన ఉదాహరణ మరియొకటి కలదు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజగోపాల్ రెడ్డిగారు — ప్రపంచమున రాజ్ రెడ్డి అను పేర ప్రసిద్ధులైన కంప్యూటరు శాస్త్రజ్ఞులు — పది లక్షల గ్రంథములను కంప్యూటరులోనికి ఎక్కింపవలెనను మహాసంకల్పమునకు నాయకులైరి. అందులో భాగముగా 2000 తరువాతి తొలి సంవత్సరములలో భారత డిజిటల్ గ్రంథాలయము నెలకొనెను. హైదరాబాదు మొదలగు చోట్ల వేలకొలది తెలుగు గ్రంథముల పుటలు ఛాయాచిత్రములుగా మార్చబడినవి. అచ్చులో లేని పుస్తకములు పల్లెటూరి పాఠకునకును అందినవి.

2017లో ఆ గ్రంథాలయపు అంతర్జాల ద్వారము మూతపడెను. కాని అప్పటికే కార్ల్ మాలముడ్ నడుపు సంస్థ అందలి గ్రంథములలో పెద్ద భాగమును ఇంటర్నెట్ ఆర్కైవ్ అను వేరొక గ్రంథాలయమునకు ఎక్కించుచుండెను. అట్లు చేరిన పుస్తకములు నాలుగు లక్షలకు పైబడినవి. వానిలో తెలుగువియు అనేకము. మొదటి యిల్లు మూసినను రెండవ యిల్లు తెరచియుండుటచే నేటికిని అవి పాఠకులకు దొరకుచున్నవి. ఆ రెండవ ప్రతి వేరొక దేశమున, వేరొకరి చేతిలో నుండుటయే దానిని కాపాడినది. ఒకే పెట్టెలోని జంటకు ఈ బలము లేదు.

ముగింపు

వేములవాడ కాలపు తాటాకు మొదలు నేటి డిస్కు వరకు నిలిచిన వ్రాతలన్నియు ఎవరో ఒకరు ఓపికతో మార్చుకొనుచు వచ్చినవే. ప్రతులు ఒకటికన్న ఎక్కువ యుండవలెను. అవి వేరువేరు చోట్ల నుండవలెను. మార్చుటకు ముందు జాబితా, మార్చిన పిదప సరిచూపు కావలెను. చదువు నేర్పు వెంట రావలెను. కొత్తది చదివి, పోల్చి, కొంతకాలము వాడి చూచువరకు పాతదానిని కదపరాదు.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఏడాదికొక దినమున, జమాబందీవలె, సభ్యుల సమక్షమున పుస్తకముల పట్టికను కంప్యూటరులో తెరచి బీరువాతో సరిచూచి, ఒక ప్రతిని అచ్చువేసి దాచి, ఒక ప్రతిని ఊరి బడిలోనో, పంచాయతీ కచేరీలోనో ఉంచినచో చాలును. ఆ దినమున చిన్న పిల్లనొకతెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని చూపించుట మరింత మేలు. స్వర్ణోత్సవము నాటికి ఆ యంత్రములు ఉండవు. పట్టికను ఇంకొక యంత్రమునకు మార్చవలసిన చేయి ఆమెదే కావచ్చును.